పెళ్ళికి ఇచ్చిన తాళం

వరదకు మునిగిన ఊళ్ళున్నాయి, నిప్పుకు కాలిన ఊళ్ళున్నాయి. పెళ్ళిభోజనం తిని ఆసుపత్రిని పోగొట్టుకున్న ఊరు మాత్రం నాకు తెలిసి మా గిద్దలూరొక్కటే. ఆ పెళ్ళి చేసిన మహానుభావుణ్ణి నేనే. నవ్వండి, నవ్వడానికే చెబుతున్నాను. చివరిదాకా నవ్వగలిగితే మీ గుండె గట్టిదని ఒప్పుకుంటాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళే అయిన రోజులవి. మేమింకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాం. బజారులో నాది ఇనుప సామాన్ల దుకాణం. మేకులు, గడియలు, తాళాలు, బండి ఇరుసులు అమ్ముకునేవాణ్ణి. మాకో చిన్న సర్కారు ఆసుపత్రి ఉండేది. ఎన్నో ఏళ్ళు డాక్టరు లేకుండా పడి ఉన్న ఆ ఆసుపత్రికి తెనాలి వైపు నుంచి సుధాకరరావు అనే కుర్ర డాక్టరు వచ్చాడు. ఆ వెనకే, కర్నూలులో నర్సు చదువు ముగించుకుని రాచర్ల గొర్రెల కొండయ్య కూతురు ఈశ్వరి వచ్చింది. వాళ్ళు రాకముందే నా భార్య రంగమ్మకు మొదటి కాన్పు జరిగింది. బిడ్డ దక్కలేదు. వీళ్ళిద్దరూ ఉన్నారన్న ధైర్యంతోనే మా ఇంట్లో మళ్ళీ ఉయ్యాల మాట ఎత్తాం. రంగమ్మకు మూడో నెల రాగానే ఈశ్వరి వచ్చి, "వదినా, ఈసారి భయపడొద్దు. నేనున్నా," అంది. ఆ రాత్రి రంగమ్మ చాన్నాళ్ళకు కడుపునిండా తిన్నది.

అంతలో పోస్టుమాను ఓ పిడుగు మోసుకొచ్చాడు. డాక్టరుకు ఇంగ్లండు నుంచి పిలుపొచ్చిందట! అక్కడ డాక్టర్లు చాలక మనవాళ్ళను పిలుస్తున్నారట. మనకేదో మిగిలిపోయి మురిగిపోతున్నట్టు! త్రాసు అట్లాగే వదిలేసి ఆసుపత్రికి పరుగెత్తాను.

"ఏంది సార్, ఇంగ్లండు పోతారంట?"

"రమ్మన్నారు శెట్టిగారూ. ఇక్కడేముంది చెప్పండి? సూది ఉంటే మందుండదు, మందుంటే సూది ఉండదు."

"మీరు పోతే మా గతేంది సార్?"

"వెళ్ళాలనే ఉంది. కానీ ఒక్కణ్ణీ ఆ చలిలో ఎలా బతకను? నాకు అన్నం వార్చడం కూడా రాదు. పలకరించే దిక్కు ఉండదు. అదే వెనక్కి లాగుతోంది."

అయ్యా, ఈ మాటలు మరోసారి చదవండి. ఆయన్ను మా ఊళ్ళో ఆపుతున్నది ఒంటరితనమేనని పలక పట్టిన పిల్లవాడికైనా అర్థమవుతుంది. నాకు మాత్రం ఒకే ముక్క వినపడింది. ఆయనకు పెళ్ళాం లేదు!

ఇంటికొచ్చి రంగమ్మతో అన్నాను. "మన ఈశ్వరినిచ్చి పెళ్ళి చేసేస్తే ఇంక యాడికీ కదలడు."

"కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకోండి. పెళ్ళెందుకు మధ్యలో?"

"నీకు తెలీదులే. పొదిలిలో పుట్టినోణ్ణి, నిన్ను చేసుకున్న పాపానికి ఈడ మేకు దిగినట్టు దిగబడిపోలేదా?"

"దిగబడింది మా నాయన దుకాణం చూసి," అంది రంగమ్మ.

ఆడవాళ్ళకు లోకజ్ఞానం తక్కువని మనసులో అనుకుని (ఆ మాటకు తర్వాత ఎన్నిసార్లు చెంపలు వేసుకున్నానో!) నేరుగా రాచర్ల పోయాను. కొండయ్య మందను తోలుకుని పోతున్నాడు.

"మా పిల్ల సూదులేసుకునే పిల్ల. అంత పెద్ద డాక్టరు చేసుకుంటాడా శెట్టీ?"

"చేసుకోక ఏం మామా? బంగారమసుంటి పిల్ల."

"ఆయప్ప దొరల సీమకు పోతాడని అంటాండారే?"

"పెళ్ళయినాక యాడికి పోతాడు? నీ గొర్రెల మంద దాటి పోగలడా? పూచీ నాది."

"నీ పూచీ నమ్ముకోనే ఇస్తాండా," అన్నాడు కొండయ్య, చేతికర్ర నా ముక్కు దాకా తెచ్చి.

డాక్టరుకు చెబితే సిగ్గుతో మెడలోని స్టెతస్కోపు చేతికి చుట్టుకున్నాడు. ఈశ్వరిని అడిగితే, "మంచోడేనన్నా. రోగిని కసరడు," అంది. కులం కలిసింది, గోత్రం వేరయింది, జాతకాలు అతికినట్టు సరిపోయాయి. ఆ సమయానికి దేవుడు కూడా నాకు పగవాడే. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధం ఆడే అవసరం లేకుండా చేసేశాను. ఒకటన్నా ఆడి ఉంటే ఎక్కడో చెడి ఊరు బాగుపడేది.

ఆసుపత్రి ముందే పందిరి వేశాం. ఊరంతా బూరెలు తిని నన్ను ఆకాశానికెత్తింది. నేను మా దుకాణంలోకెల్లా పెద్ద తాళం తెచ్చి దంపతుల చేతిలో పెట్టి, "గిద్దలూరులో మీ ఇల్లు కలకాలం ఉండాల," అని దీవించాను. అందరూ చప్పట్లు కొట్టారు.

మామిడాకుల తోరణం ఎండి రాలిందో లేదో, డాక్టరు లడ్డూల పొట్లంతో దుకాణానికొచ్చాడు.

"శెట్టిగారూ, నోరు తీపి చేసుకోండి. ఈశ్వరికీ రమ్మని వచ్చింది!"

"యాడికి సార్? కర్నూలుకా?"

"ఇంగ్లండుకండీ! నాకన్నా నర్సంటేనే వాళ్ళకు ముద్దట. ఒంటరిగా ఎలా వెళ్ళాలా అని జంకుతూ కూర్చున్నాను. మీరు పుణ్యం కట్టుకున్నారు."

లడ్డూ మింగలేక కక్కలేక అట్లాగే కూర్చున్నాను. బండి కదలకుండా మేకు కొడుతున్నాననుకున్నాను. నేను కొట్టింది చక్రం ఊడకుండా ఇరుసుకు కొట్టే చీల. బండి ఇప్పుడు హాయిగా సముద్రం దాటుతుంది. పోయేది డాక్టరొక్కడే అయితే నర్సన్నా మిగిలేది. ఆమెనూ బండెక్కించి పంపించేది నేనే.

ఈశ్వరి దగ్గరికి పోయాను. "నువ్వు కూడానా తల్లీ? నీ వదినకు ఏడో నెల."

ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అన్నా, మొన్న కాలిన పిల్లోణ్ణి తెచ్చినారు. పూసేదానికి మందు లేదు. వాడు ఏడుస్తాంటే చూస్తా కూర్చున్నా. ఒకసారన్నా మందుండే చోట పనిచేయాలని ఉందన్నా. తప్పా?"

తప్పని ఏ నోటితో అనను?

"వదినను ముందే నంద్యాలకు తోలుకపోన్నా. ఈడ ఉంచొద్దు," అంది.

రైలుస్టేషన్లో ఊరంతా ఏడ్చింది. కొండయ్య మాత్రం ఏడవకుండా, "నీ పూచీ ఏదిరా శెట్టీ?" అంటూ కర్ర పట్టుకుని ప్లాట్‌ఫారం పొడవునా నన్ను తరిమాడు. రొప్పుతూ కిటికీ దగ్గర ఆగితే డాక్టరు నా చేతిలో తాళంచెవి పెట్టాడు.

"క్వార్టరుకు మీ తాళమే వేశామండీ. గట్టిది. చెవి కొత్త డాక్టరుకు ఇచ్చెయ్యండి."

నా బుద్ధి అక్కడితోనైనా ఆగిందా? కొత్త డాక్టరు వస్తాడని తాలూకా కచేరీలో అన్నారు. ఇదిగో అదిగో అంటూ, రంగమ్మను నంద్యాల పంపకుండా, ఆ చెవిని మొలతాడుకు కట్టుకుని ప్రతి రైలుకూ ఎదురుపోయాను. దిగినవాళ్ళలో సంచీ ఉన్న ప్రతివాణ్ణీ, "మీరు డాక్టరుగారా?" అని అడిగేవాణ్ణి. ఒకాయన ఆముదం వ్యాపారి. ఇంకొకాయన గొర్రెల బేరగాడు.

రంగమ్మకు నొప్పులు ముందే వచ్చాయి. నంద్యాల రైలెక్కించాను. బండి నల్లమల కొండల్లో ఉండగానే, పెట్టెలోని ఆడవాళ్ళు చీర అడ్డం పట్టారు. ఆడపిల్ల. ఏడవలేదు.

రంగమ్మ బతికింది. అదే చాలని అందరూ అన్నారు, నేనూ అన్నాను. ఇంటికొచ్చాక ఆమె ఉయ్యాలను అటకెక్కించింది. ఒకనాడు అన్నం పెడుతూ, తల ఎత్తకుండా, "పెళ్ళి మాత్రం బాగా చేసినారు," అంది.

కాబట్టి సకల జనులకూ తెలియజేయునదేమనగా, ఇనుప సామాన్ల శెట్టినైన నేను నా త్రాసు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ డాక్టరుకూ సంబంధం చూడను. తప్పనిసరై చూసినా నర్సును చూడను. ఎవరి పెళ్ళికీ తాళం కానుకగా ఇవ్వనే ఇవ్వను.

నేను పెట్టుకున్న ఒట్లలో నిలబెట్టుకున్నది ఇదొక్కటే. అందులో నా గొప్పేమీ లేదు. ఆ తాళంచెవి ఇన్నేళ్ళుగా దుకాణంలో మేకుకే వేలాడుతోంది. తుప్పు పట్టకుండా అప్పుడప్పుడు నూనె రాస్తున్నాను. పెళ్ళి చేద్దామన్నా, వద్దనుకున్నా, వచ్చి దాన్ని అడిగే డాక్టరు ఒకడు ఉండాలి కదా.