బార్బార్ రాళ్ల దగ్గర ఒక శుక్రవారం

తెలియని దేశంలో తెలిసినవాడిలా నాతో నడిచిన దేవునికే స్తోత్రం, ఆయన నామానికే మహిమ.

మొన్న పళ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని పాత పత్రిక తిరగేస్తుంటే బహ్రెయిన్‌లోని బార్బార్ గుడి శిథిలాల ఫోటో కనబడింది. ఎనభైల్లో నేను చూసినప్పుడు అక్కడ ఉన్నవల్లా మట్టిదిబ్బ, చెక్కిన సున్నపురాళ్లు, ఎండ. గ్రీకులు ఓడల్లో ఆ దీవికి రావడానికి ఎన్నో శతాబ్దాల ముందే కట్టిన గుడి అట. నేనప్పుడు ఆ దీవిలోనే, సల్మాబాద్‌లో ఒక వర్క్‌షాపు స్టోర్ చూసుకునేవాణ్ణి. బలిపీఠాల కొలతలు, నెత్తురు పారే కాలువలు బైబిలు వాక్యంలో చదవడమే కానీ కళ్లతో చూసింది లేదు. చూడాలని ఒకటే ఆశ. అన్యుల గుడికి పోవడమేమిటని లోపల బెరుకు కూడా.

నాతో బయల్దేరినవాడికి ఆ బెరుకు లేదు. మా కూలీల క్యాంపులోనే ఉండే జగిత్యాల మేస్త్రీ అతను. మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. ఈసారి కూడా బిడ్డ అడ్డం తిరిగిందని ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత కబురు లేదు. గుడి అన్న మాట నా నోట వినగానే, అక్కడ సెలవు రోజైన శుక్రవారం పొద్దున్నే తలస్నానం చేసి, సంచిలో కొబ్బరికాయ, ఊదుబత్తీలు పెట్టుకుని, నేను ఆరాధన నుంచి వచ్చేసరికి కంపెనీ పికప్ పక్కన నిలబడి ఉన్నాడు.

"మనామా పట్నంలో మీ గుడి ఉందిగా తమ్ముడూ?" అన్నాను.

"అది సింధీ సేట్లది అన్నా. పాత గుడైతే అందరిది."

అక్కడికి చేరగానే చెప్పులు దూరంగా విడిచి, కాలే రాళ్ల మీద గెంతుకుంటూ వెళ్లాడు. నేను బూట్లతోనే, చంకలో బైబిలుతో, ఒక్కో రాయినీ వంగి వంగి చూశాను. కొన్ని రాళ్లకు బెజ్జాలున్నాయి. బలి పశువుల్ని కట్టేవారేమో అనుకున్నాను. ఒకపక్క మెట్లు దిగితే పాత ఊటబావి. నేను ఇంకా ఆ మెట్లు లెక్కబెడుతూనే ఉన్నాను, అతను చుట్టూ తిరిగి వచ్చేశాడు.

"దేవుడు కనవడ్తలేడు అన్నా. పగటీలి గుడి బంద్ వెట్టినట్టున్నరు. పూజారి ఎప్పుడొస్తడో, జరసేపు ఆగుదామా?"

"పూజారి పోయి నాలుగు వేల ఏళ్లయింది తమ్ముడూ."

నవ్వుతాడనుకున్నాను. సంచి గుండెకు హత్తుకుని కూలబడ్డాడు. "మరి గిప్పుడెట్లనే? ఎవరికి చెప్పుకోవాలె?" అంతలో తనే తలెత్తాడు. "మీ దేవునికి బొమ్మ ఉండదంటివి గదా. నువ్వడుగు అన్నా."

సంఘంలో గుక్క తిప్పుకోకుండా ప్రార్థించేవాణ్ణి, అక్కడ బైబిలు ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాను. ఎవరి బలిపీఠం ముందు, ఎవరి పేరు పలకడం? కానీ అతని చేతులు అప్పటికే జోడించి ఉన్నాయి. కళ్లు మూసుకుని, "తండ్రీ, ఆ రెండు ప్రాణాలనూ క్షేమంగా వేరుచెయ్యి" అన్నాను. అంతటితో ఆమెన్ చెప్పాను.

తిరిగి పికప్ దగ్గరికి వచ్చాక అతను కొబ్బరికాయ ఒక రాతికి కొట్టి ఓ చెక్క నా చేతికివ్వబోయాడు. పుట్టి బుద్ధెరిగాక ప్రసాదం ముట్టనివాణ్ణి, ఒక అడుగు వెనక్కి వేశాను.

"దేవుడే లేకపాయె, ప్రసాదమెట్లయితదే? ఉత్త కొబ్బరి. తిను, పొద్దుగాల సంది నేను గూడ తినలే."

చెక్క అందుకున్నాను. ఇద్దరం తిన్నాం, ఇసుకతో సహా.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. పుట్టిన తేదీ చూసి అతను నా భుజం మీద చరిచాడు. "మనం అడిగేనాటికే పిల్ల పుట్టి వారమాయె అన్నా!"

ఆ మాట మీద చాలాకాలం ఆలోచించాను. మేం అడిగిన గడియకు ఆ పసిది పాలు తాగి నిద్రపోతోంది. ఈ పూట ఎక్కడో కబురందక కూర్చున్నవారి కోసం నాతో కలిసి ఒక్క మాట ప్రార్థించండి. ఆలస్యమైందని వెనకాడకండి. ముందూ వెనకా అన్నవి ఉత్తరాలకూ మనకూ గాని, వినేవాడికి లేవు.