ఒక్కో వరుసగా అచ్చయిన చీర అంచు

మొన్న ఆఫీసులో పాత కంప్యూటర్ మూత విప్పితే కాలిన దుమ్ము వాసన గుప్పుమంది. ఆ వాసనకు నాకు ఓబులేసు సారే గుర్తొస్తారు. ఎనభైల చివర్లో ధర్మవరంలో ఆయన నడిపిన చిన్న కంప్యూటర్ సెంటర్లో నాది మొదటి ఉద్యోగం. మగ్గాలవాళ్ల ఇంట్లో పుట్టి, నడుము నొప్పితో నేత మానుకుని, ఉన్నదంతా ఊడ్చి ఒక్క పీసీ కొన్న మనిషి ఆయన. వానలూ బేరాలూ లేక నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఒక చీరల షావుకారు మాత్రం, అంచు డిజైన్ కంప్యూటర్ మీద వేసి చూపిస్తే పనంతా మాకే ఇస్తానన్నాడు. అది దక్కకపోతే సెంటర్ మూసుకోవాల్సిందే.

నేను ప్రోగ్రామును సి భాషలో రాద్దామని పట్టుబట్టాను. అప్పట్లో అదే గొప్ప. కానీ రాసిన ప్రోగ్రామును మెషిన్‌కు అర్థమయ్యేలా మార్చే ఆ కంపైలర్, ఫ్లాపీల మీద ఫ్లాపీలు మింగి, చివరికి మెమరీ చాలదని చేతులెత్తేసేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. పాస్కల్ అనే ఇంకో భాష కంపైలర్ మాత్రం ఒక్క ఫ్లాపీలో ఇమిడి, చిటికెలో పని ముగించి, మా ప్రోగ్రాముకు కాస్త చోటు కూడా మిగిల్చేది. సార్ దాన్నే తీసుకోమన్నారు. అయినా డిజైన్ మొత్తం మెమరీలో పట్టలేదు.

"ఏమ్మా, మా నాయన చీరంతా ఒకేసారి కండ్ల ముందర పెట్టుకోని నేస్తాండెనా?" అన్నారు సార్. "నేసింది నేసినట్టు చుట్టేస్తాండె. నువ్వూ ఒక్కో వరుస తెచ్చుకో, అచ్చేసి ఇడిసిపెట్టు."

అలాగే రాశాను. షావుకారు వచ్చిన రోజు ప్రింటర్ కర్రుకర్రుమంటూ ఒక్కో వరుసే వేసింది. ప్రతి వరుసకూ ఫ్లాపీ తిరగాలి, ఆగాలి, మళ్లీ తిరగాలి. అంచు మీది హంసలు ముచ్చటగా వచ్చాయి. ఈలోగా షావుకారు టీ తాగి, వక్క నమిలి, గడియారం చూశాడు.

"బాగుండాది గానీ, ఇంత సేపా ఓబులేసూ? బెంగళూర్లో పెద్ద మిషన్లు ఉండాయంట. ఆడనే చేపిచ్చుకుంటాలే అప్పా," అని లేచిపోయాడు.

నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. "మనం తప్పు చేసినామా సార్?" అని అడిగాను.

సార్ ప్రింటర్లోంచి ఆ కాగితం చింపి మడతపెడుతూ, "లేదమ్మా. ఉన్నదాంట్లో చేసినాం. ఉన్నదే తక్కువ," అన్నారు. కోపం లేదు, ఉత్త అలసట. ఆ ఎండాకాలంలోనే సెంటర్ మూసేసి, ఆ నడుముతోనే మళ్లీ మగ్గంలో కూర్చున్నారు.

ఇప్పటికీ నా దగ్గర పనిచేసేవాళ్లు మెమరీ చాలదంటే, ముందు ప్రోగ్రామును తగ్గించమంటాను. అది సార్ నేర్పిందే. తగ్గించగలిగినంతా తగ్గించాక కూడా చాలకపోతే, పైవాళ్లతో పోట్లాడైనా పెద్ద మెషిన్ ఇప్పిస్తాను. సార్ తరఫున అలా పోట్లాడేవాళ్లు ఆ రోజు ఎవరూ లేరు.