చిన్నమ్మ ఇల్లు చూడ్డానికి ఆఫీసరొచ్చిన రోజు

మద్రాసు వైపు తుపాను వస్తే మా చిత్తూరు జిల్లా కూడా తడిసి ముద్దవుతుంది. డెబ్బైల చివర్లో ఒక కార్తీకంలో వారమంతా ముసురు వదల్లేదు. కుప్పం దగ్గర పల్లెలో ఒంటరిగా ఉండే మా చిన్నమ్మ ఇంటి వెనక గోడ పడిపోయిందని మదనపల్లెకు కబురొచ్చింది. గోడ కట్టుకునేందుకు సర్కారు సాయం రాసుకోవడానికి మరుసటి రోజే ఆఫీసరు వస్తాడట. అది అందకపోతే ఆమె చలికాలమంతా పక్కింటి పంచలో పడుకోవాలి. చిన్నమ్మేమో నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడగని మనిషి. అందుకే బయల్దేరాను.

తెల్లవారుతూనే బస్సెక్కి పుంగనూరులో దిగాను. బస్టాండు పక్కన సాయిబు అంగట్లో టార్పాలిన్ కొంటుంటే, "కుప్పం పోతాండావా అమ్మా? పలమనేరు మీద పో. వాగు కాడ బస్సులోంచి దింపేస్తారు, చెప్పులు సేతిలో పట్టుకో," అన్నాడాయన. అట్లాగే అయింది. వి.కోట దాటాక రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే డ్రైవరు మమ్మల్నందరినీ దించి, ఖాళీ బస్సును మెల్లగా దాటించాడు. మామూలుగా పొద్దున పదింటికల్లా చేరే దారికి ఆ రోజు మధ్యాహ్నమైంది.

శాంతిపురం దాటాక దిగి, బురదలో నడిచి ఇల్లు చేరేసరికి చిన్నమ్మ వాకిలి అలికి ముగ్గేసింది! లోపల తోమిన బిందెలు వరసగా ఉన్నాయి. కూలిన మట్టినంతా దిబ్బకు మోయించేసి, గోడ ఉండాల్సిన చోట పండగ చీరలు కట్టింది.

"ఏంది చిన్నమ్మా ఇది?"

"ఆఫీసరు ఇల్లు సూసేదానికి వస్తాండాడు గదా పాపా. గబ్బుగా పెట్టుకుంటే ఏమనుకుంటాడు?"

"అయ్యో తల్లీ, ఆయన చూసేది పడిపోయిన గోడనే!" అంటుండగానే ఆఫీసరు రానే వచ్చాడు. చిన్నమ్మ ఆయన్ను మంచం మీద కూచోబెట్టి కాఫీ ఇచ్చింది. ఆయన చుట్టూ చూసి, "ఇల్లు బాగుండాది గదమ్మా," అని తాగి లేచాడు. చిన్నమ్మ తల దించుకుని ఖాళీ గ్లాసు అందుకుంది. నాకు ఒళ్ళు మండింది. పోయి చీరలు లాగేశాను. వంగిన దూలం, దాని వెనక పెరడు, మా వంకే చూస్తున్న పక్కింటి దూడ, అన్నీ బయటపడ్డాయి.

"ఈ దూలం కింద కూచోబెట్టా నాకు కాఫీ ఇస్తివి?" అంటూ ఆఫీసరు గబుక్కున వాకిట్లోకి దూకాడు. తర్వాత నిదానంగా అంతా చూసి, ఇల్లు కాపురానికి పనికిరాదని రాసుకుని, రాసింది చదివి వినిపించాడు.

చిన్నమ్మ ఏడ్చేసింది. "అట్ల రాయొద్దప్పా. నేను కాపరానికొచ్చింది ఈ ఇంటికే."

ఆయన కలానికి మూత పెట్టాడు. "రాస్తేనే గదమ్మా మళ్ళీ లేచేది," అన్నాడు.

ఆ రోజు చిన్నమ్మ అమాయకత్వానికి విసుక్కున్నాను గానీ, తిరుగు బస్సులో నాకూ ఏడుపొచ్చింది. ఇల్లు నీటుగా పెట్టుకుంటుందన్న పేరు తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదు. తుపాను తర్వాత మనవాళ్ళ కోసం ఇట్లా బయల్దేరేవాళ్ళకు ఒకటే చెబుతాను: ఆఫీసరు కంటే ముందు రోజే చేరుకుని, ఆ ఇంట్లో చీపురు దాచిపెట్టండి.

సాయం అందింది, వేసవికి గోడ లేచింది. సున్నం ఆరీ ఆరకముందే చిన్నమ్మ ఆ ఆఫీసరుకు కబురు పంపింది: "ఇప్పుడొచ్చి సూడప్పా, నా ఇల్లు."