మామ చేసిన ఆయుధపూజ

మైపాడు వెంకయ్య తను వల వేసే సముద్రం, నెల్లూరు బస్టాండు తప్ప ఇంకేమీ ఎరగడు. అయినా ప్రపంచంలో ఏ సరుకు ఏ దేశంలో తయారుకావాలో ఆయనే తేలుస్తాడు. ఇంజనంటే జపాను, యంత్రమంటే జర్మనీ, ఫోనంటే చైనా. మన దేశంలో చేసిందంతా చెత్తే.

కోడలు రోజా తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి, ఫోన్లు బిగించే పనికి పోతుంది. ఆ ఫ్యాక్టరీని ఆయన బొమ్మల కొట్టు అంటాడు. ఆ మాట ఊరంతటికీ చెప్పేది ఆమె కొనిచ్చిన ఫోనులోనే.

ఆయుధపూజ నాడు ఆయన పడవ ఇంజనుకీ, ఆ ఫోనుకీ పసుపు రాసి బొట్టు పెట్టాడు. రోజా తన స్క్రూడ్రైవరు కూడా పక్కన పెట్టబోయింది.

"దాన్ని తియ్యమ్మా. బొమ్మలు బిగించేదానికి గూడా పూజేనా" అన్నాడు.

రోజా లోపలికెళ్లి ఫోను డబ్బా తెచ్చింది. దాని వెనక రాసి ఉన్నది చదివి వినిపించింది. ఆ ఫోను తయారైంది ఆమె పనిచేసే ఫ్యాక్టరీలోనే.

వెంకయ్య డబ్బా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి, ఫోనుకి పెట్టిన బొట్టు శుభ్రంగా తుడిచేశాడు.

"ఇంజను మీద యాడ చేశారో రాసుండే రేకు గూడా చదవమంటావా మామా" అంది రోజా.