దీనమ్మగారికి ఇచ్చిన బ్రోమైడు మిక్చరు

1936లో నన్ను ఏలూరు మిషను ఆసుపత్రి నుండి కొల్లేటి ఒడ్డున ఒక గ్రామ డిస్పెన్సరీకి నర్సుగా వేశారు. డాక్టరమ్మగారు పదిహేను రోజులకొకసారి పడవలో వచ్చేవారు. మిగతా రోజుల్లో ఆసుపత్రి రాసిచ్చిన పట్టీలోని మందులు నేనే ఇవ్వవచ్చు. సూదిమందు వేయాలంటే మాత్రం ఆమె అనుమతి కావాలి.

ఆ ఊరి బైబిలు స్త్రీ దీనమ్మగారు. ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు వాక్యం చెప్పడం ఆమె ఉద్యోగం, జీవనాధారం. ముట్లు ఆగి ఏడాది దాటింది. అప్పటినుండి ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి.

"ప్రార్థన మధ్యలో పొయ్యిలో కూర్చున్నట్టుంటుందండీ నర్సమ్మగారూ. ముసుగు తీసి విసిరేద్దామనిపిస్తుంది" అన్నారు.

మళ్ళీ రక్తం కనబడిందా అని ముందు అడిగాను. కనబడితే మందివ్వకుండా ఏలూరు పంపాలని నియమం. లేదన్నారు. నరాలను శాంతపరచడానికి ఆ రోజుల్లో అందరికీ ఇచ్చే బ్రోమైడు మిక్చరు, మోతాదు గీతల కాగితం అంటించిన సీసాలో ఇచ్చాను. వారంలో నిద్ర పట్టింది. ఇద్దరం మోకరించి దేవునికి స్తోత్రం చెప్పాం.

అంతలో ఈస్టరుకు ముందు నలభై శ్రమదినాలు వచ్చాయి. నాలుగో వారానికి దీనమ్మగారి నడక తూలింది, మాట ముద్దగా వచ్చింది. కంఠస్థమైన వాక్యాలే మరచిపోసాగారు. మొహమంతా పొక్కులు.

సంఘపెద్ద ఏసుదాసుగారు డిస్పెన్సరీకి వచ్చారు. "కల్లు తాగుతోందండీ ఆవిడ. ఈస్టరుకి ప్రభువు బల్ల దగ్గరికి, రొట్టె ద్రాక్షరసం తీసుకోడానికి, రానివ్వం. పనిలో కూడా వేరే మనిషిని పెడతాం" అన్నారు.

మరునాడు డాక్టరమ్మగారి పడవ వచ్చింది. ఆమె దీనమ్మగారి నోరు వాసన చూసి, కల్లు కాదని తేల్చి, పొక్కులు పరీక్షించి, ఏం తింటున్నావని అడిగారు.

"చప్పిడి గంజండీ. శ్రమదినాలు కదా, ఉప్పు మానేస్తానని మొక్కుకున్నాను."

డాక్టరమ్మగారు నా వైపు తిరిగి, తిండి సంగతి కనుక్కున్నావా అన్నారు. కనుక్కోలేదు. ఒంట్లో చేరిన బ్రోమైడును బయటికి పంపేది ఉప్పే. అది మానేస్తే మందు లోపల పేరుకుని విషమవుతుంది. మిక్చరు ఆపి, ఉప్పు వేసిన గంజి, బాగా నీళ్ళు ఇమ్మన్నారు.

దీనమ్మగారు ఒప్పుకోలేదు. "మొక్కుబడి తప్పమంటారా అండీ?"

"ఏ పనీ చేయకూడని విశ్రాంతి దినాన కూడా రోగుల్ని బాగుచేసిన ప్రభువు, మీ గంజిలో ఉప్పుకు కోప్పడతారా అండీ?" అన్నాను. దీనమ్మగారు గంజి గిన్నె అందుకున్నారు.

ఆ సాయంత్రం సంఘపెద్దల ముందు నిలబడి తప్పు నాదని చెప్పాను.

"నేనూ చప్పిడే తింటున్నానుగా, నాకేం కాలేదేమండీ?" అన్నారు ఏసుదాసుగారు.

"మీకు నేను మందివ్వలేదు కదండీ."

పెద్దలు నవ్వారు. ఈస్టరు దాకా ఆగుదామన్నారు.

ఆవిర్లకు డాక్టరమ్మగారు పలచటి నూలు చీర, మెడకు తడిగుడ్డ, గుడిలో గుమ్మం పక్కన చాప చెప్పారు. విదేశాల నుండి వచ్చే, జంతువుల అండాశయాలతో చేసిన గ్రంథి మాత్రల గుణం ఇంకా రూఢి కాలేదు, వీటితో తగ్గకపోతే చూద్దామన్నారు. అవసరం పడలేదు. ఈస్టరు ఉదయం దీనమ్మగారు పునరుత్థాన అధ్యాయమంతా చూడకుండా చెప్పారు. నడుమ ఒక ఆవిరి వచ్చింది. ముసుగు కాస్త వెనక్కి జరిపి, మొహం తుడుచుకుని, ఆపిన చోటు నుండే అందుకున్నారు. ఏసుదాసుగారే ఆమెను బల్ల దగ్గరికి పిలిచారు.

అప్పటినుండి ఉద్యోగం ఉన్నంతకాలం, మందిచ్చే ముందు రోగి ఏం తింటున్నదో, ఏం మానిందో, ఎందుకు మానిందో అడిగేదాన్ని. మూడో ప్రశ్నకు ఆడవాళ్ళు పదిమందిలో జవాబు చెప్పరు. అందుకని అడిగే ముందే గది తలుపు వేసేదాన్ని.