పాపన్న పద్ధెనిమిది నిమిషాలు

పెనుకొండలో రాళ్లకు శాసనాలున్నాయి, పాపన్న ప్రార్థనకు ఒక్కటీ లేదు. చరిత్రకారులు చేసిన ఈ అన్యాయాన్ని ఇక్కడైనా సరిదిద్దాలి. ఇరవై ఆరేళ్లుగా ప్రతి ఆదివారమూ చర్చిలో ఆ సంఘపెద్ద మైకు ముందు చేసే ప్రార్థన సరిగ్గా పద్ధెనిమిది నిమిషాలు. రిటైరైన బస్సు కండక్టరు కాబట్టో ఏమో, ధర్మవరం నుంచి హిందూపురం పోయే పల్లెవెలుగులాగా అది అన్ని స్టాపుల్లోనూ ఆగేది. దేశాధినేతలు, మిషనరీలు, వానలు, వేరుశనగ. చర్చి పక్కింటి రామసుబ్బమ్మ దేవుడు వేరే అయినా, పాపన్న మైకులో గొంతు సవరించుకోగానే ఎసట్లో బియ్యం పోసి, “ఆమెన్” వినగానే రాగిపిండి వేసి సంగటి కెలికేది. ఇన్నేళ్లలో ఒక్క ముద్ద చెడలేదు.

మొన్న శుక్రవారం పాపన్న భార్య జయమ్మకు హిందూపురంలో ఆపరేషను. కడుపులో గడ్డ. షుగరు ఎక్కువగా ఉందనీ, ఏ సంగతీ ముందే చెప్పలేమనీ డాక్టరు సంతకం పెట్టించుకున్నాడు. ఆ సంతకం తనదేనని పాపన్నకే నమ్మకం కుదరలేదు.

స్ట్రెచరు ఆపరేషను గది తలుపు దగ్గర ఆగింది. పాపన్న కళ్లు మూసుకున్నాడు.

“పరలోకమందున్న మహోన్నతుడా, సర్వాధికారీ...”

“ఏమప్పా, నువ్వు ఊర్లన్నీ తిరిగొచ్చేలోపల నన్ను లోపలికి తోసేస్తారు,” అంది జయమ్మ. “దాంట్లో నేను యాడ వస్తా?”

పాపన్న వెతికాడు. మిషనరీల తర్వాతా? వేరుశనగకు ముందా? ఆ రూట్లో జయమ్మ అనే స్టాపే లేదు. పెదవులతో పొగిడి మనసు దూరంగా పెట్టుకునే జనాన్ని యెషయా ప్రవక్త మందలించిన అధ్యాయం అతను ఎన్నిసార్లో సంఘానికి చదివి వినిపించాడు. ఆ జనం వేరే ఊరివాళ్లనే అనుకున్నాడు.

“దేవా, జయమ్మ లోపలికి పోతాండాది. నాకు భయమైతాండాది.”



“ఆమెన్,” అంది జయమ్మ. తలుపు మూసుకుంది.

మూడు గంటలు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా పాపన్న లేచి నిలబడ్డాడు. నాలుగుసార్లు నేల తుడిచే ఆమె బయటికొచ్చింది. “కూర్చోప్పా, నేనే,” అంది ఆమె చివరికి. ఐదోసారి డాక్టరు వచ్చాడు. గడ్డ తీసేశామన్నాడు, మనిషి బాగుందన్నాడు.

ఆదివారం పాపన్న మైకు ముందు గొంతు సవరించుకున్నాడు. సంఘమంతా పద్ధెనిమిది నిమిషాలకు సరిపడా సర్దుకుని తలలు వంచింది.

“దేవా, జయమ్మ బతికింది. ఆ వార్డులో ఇంకా ముగ్గురుండారు, వాళ్లనూ చూడు. ఆమెన్.”

ఎవరూ కళ్లు తెరవలేదు. బస్సు ఇంకా కదలలేదనుకున్నారు.

పక్కింట్లో రామసుబ్బమ్మ రాగిపిండి వేసేసింది. ఆ పూట సంగటిలో బియ్యం ఉడకలేదు.