కమ్మీల అవతలి మచ్చ

మొన్న మా మనవరాలు నూడుల్స్ మీద వెనిగర్ పోసుకుంటుంటే ఆ పుల్లని ఘాటు ముక్కుకు తగిలి, గరిటె పట్టుకున్నదాన్ని అలాగే నిలబడిపోయాను. "ఏంటి అమ్మమ్మా, ఆ వాసన పడదా?" అంది. పడకపోవడమేమిటి, నేను వయసులో ఉన్న రోజులన్నీ ఆ వాసనలోనే గడిచాయి. రాజమండ్రి కోటగుమ్మం దగ్గర వీర్రాజుగారి స్టూడియోలో, ఫోటోలు కడిగే చీకటిగది నిండా అచ్చం ఇదే వాసన. నేనక్కడ టచింగు పని చేసేదాన్ని. పెళ్లిచూపులకు పంపే ఫోటోల మీద మొటిమలనూ స్ఫోటకం మచ్చలనూ బ్లేడు మొనతోనూ సన్న పెన్సిలుతోనూ మాయం చేయడం నా ఉద్యోగం. డెబ్బయిల చివర్లో ఆ చుట్టుపక్కల ఎందరు పెళ్లికూతుళ్లు నా చేతిమీదుగా నునుపు తేలారో! గొప్పలు చెప్పుకుంటోంది అనుకునేరు, నిజంగానే నా చెయ్యి మంచిది.

వీర్రాజుగారు నా యజమాని. ఆయనంత భయస్తుణ్ణి నేను మళ్లీ చూడలేదు. కొట్టుకు తాళం వేసి, లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్లి, "తాళం పడిందంటావా అమ్మాయ్?" అంటూ వెనక్కి వచ్చేవారు. ఎవరింట్లోనైనా తాళి కట్టే ఫోటో తీశారంటే, ఫిల్ము కడిగి చూసుకునేదాకా అన్నం సయించేది కాదు. నాకు ఒళ్లు మండేది. "ఇంత గుండెదడ పెట్టుకుని ఈ వ్యాపారంలోకి ఎందుకొచ్చారండీ?" అని ఒకసారి అనేశాను కూడా. ఆయన నొచ్చుకోలేదు. "భయం లేకపోతే నేను సరిగ్గా చూడనమ్మా," అన్నారు.

మా నాన్న గూడ్సుబండి గార్డు. ఆ రోజుల్లో అరకు వైపు కొండల్లో ఇనుపరాయి మోసే బండ్ల మీదికి బదిలీ అయ్యాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా తల తిరిగి గోడ పట్టుకోవడం అమ్మ కంటపడింది. డాక్టరుకు చెబుదామంటే నాన్న మండిపడ్డాడు. "చెబితే నన్ను బండి దింపేస్తారు. ఆఫీసులో కూర్చుని కాగితాలకు గుండుసూదులు గుచ్చమంటావా?" అని ఎగిరాడు. ఆయన డ్యూటీకి వెళ్లిన దగ్గర్నుంచి అమ్మకు నిద్ర లేదు, నాకు లేదు. బండి చివరి పెట్టెకున్న చిన్న వరండాలోంచి తూలి లోయలో పడ్డట్టు కలలు. చివరికి ఒకరోజు అమ్మ తిన్నగా స్టూడియోకి వచ్చేసింది.

"వీర్రాజుగారూ, మా ఆయన మాట నేను నమ్మనండి. ఆ కొండ వంపులో గార్డు లేచి నిలబడి, ముందున్న డ్రైవరుకు పచ్చజెండా చూపించాలిట. నిలబడగలుగుతున్నారో లేదో ఒక్క ఫోటో తీసి చూపించండి. నిలబడితే ఇంక నోరెత్తను. లేకపోతే నేనే వెళ్లి రైల్వే డాక్టరు కాళ్ల మీద పడతాను."

"నేను వెళ్లి చూసొస్తాను కదే," అన్నాను.

"నువ్వు మీ నాన్న పక్షం. ఫోటో అయితే అబద్ధమాడదు."

రోజూ ఫోటోల చేత అబద్ధాలాడించే కూతుర్ని పక్కన పెట్టుకుని అంది ఆ మాట! గోదావరి దాటి కొవ్వూరు వెళ్లాలన్నా వెనకాముందాడే వీర్రాజుగారు మాత్రం, "సరేనండి," అన్నారు. వాళ్లావిడ రత్నమ్మగారు పులిహోర క్యారియరుతో మాకు తోడొచ్చారు, అమ్మ ఇంటిదగ్గరే ఉండిపోయింది.

కొండమీద చిన్న స్టేషన్లో దిగి, నాన్న బండి ఎప్పుడొస్తుందో అడిగి తెలుసుకుని, వంపు దాకా నడిచాం. ఎండ వీపు మీద పడేలా చూసుకుని, వంపుకు బయటివైపు గట్టు మీద వీర్రాజుగారు కెమెరా స్టాండు నిలబెట్టారు. ముందొచ్చిన గూడ్సుబండ్లను ఒకటి రెండు ఫోటో తీసి చెయ్యి సరిచూసుకున్నారు. ఇంజను వంపు తిరిగి మమ్మల్ని దాటిపోయాక కూడా వాగన్లు కొండ చాటునుంచి వస్తూనే ఉండేవి. కాళ్ల కింద నేల అదురుతుంటే, లోయ వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. నాన్న బండి కూత వినబడింది. ఇంజన్లు పోయాయి, ఎర్రమట్టి కొట్టుకున్న వాగన్లు పోయాయి, చివరి పెట్టె వచ్చింది. వరండా ఖాళీగా ఉంది. కెమెరా క్లిక్కుమంది. పెట్టె కొండ మలుపులో కలిసిపోయింది.

"నాన్నేడండీ?" అన్నాను. స్టేషనుకు పరిగెత్తాం. "బండి పై స్టేషను దాటిందమ్మా. ఏమన్నా అయితే కబురు వచ్చేదే," అన్నాడు అక్కడి మాస్టరు. ఆ మాట పట్టుకుని రాజమండ్రి దాకా వచ్చాం. దారిలో ఎవరమూ పులిహోర ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వీర్రాజుగారు ఫిల్ము కడిగి పెద్ద ప్రింటు వేశారు. చేతికి పని ఉంటే భయం తగ్గుతుందని నేను బ్లేడు తీసుకున్నాను. వరండా కమ్మీల అవతల ఏదో నల్లమచ్చ ఉంది. అలవాటుకొద్దీ గీకబోయాను.

"ఆగమ్మా!" అని నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. "అదేంటో తెలియకుండా తీసేస్తావా?"

భూతద్దం పెట్టి చూశాం. మచ్చ కాదు, గుడ్డ. పుల్లకు చుట్టిన గుడ్డ. నాన్న జెండా!

"ఎంత బుద్ధితక్కువ పని చేశాను!" అని నెత్తి కొట్టుకున్నారు వీర్రాజుగారు. "డ్రైవరుకు కనబడాలంటే వంపు లోపలివైపు నుంచే కదా జెండా చూపించాలి. మనం వెలుతురు చూసుకుని బయటివైపు నిలబడ్డాం. మీ నాన్నగారు పెట్టెగది చాటున అటు ఉన్నారు, అంతే."

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి నాకు. ఆయన మాత్రం భూతద్దం దించలేదు. ముందు తీసిన బండ్ల ఫోటోలు తెచ్చి పక్కన పెట్టారు. వాటిలోనూ అవతలివైపు జెండాలున్నాయి, కానీ కమ్మీకి బాగా పైన ఉన్నాయి. నాన్నది కమ్మీకి కిందుగా ఉంది.

"కూర్చుని పట్టుకున్నారమ్మా," అన్నారు మెల్లగా.

"జెండా ఉందని మాత్రం చెబుదామండీ. ఎత్తు సంగతి అమ్మకెందుకు?" అని బతిమాలాను. నాన్నకు ఆ బండి అంటే ప్రాణం.

"నాకూ భయంగానే ఉంది. చెబితే మీ నాన్నగారు జన్మలో నా మొహం చూడరు. చెప్పకపోతే ఆయన మొహం మనం చూస్తామో లేదో."

అమ్మకు ఆయనే చెప్పారు. అమ్మ ఆ సాయంత్రమే రైల్వే డాక్టరు దగ్గరికి బయల్దేరింది. నాన్నకు రక్తపోటు మితిమీరి ఉందని తేలి, బండి దింపేశారు. నిజంగానే కాగితాలకు గుండుసూదులు గుచ్చే పని ఇచ్చారు. చాలాకాలం నాన్న ఆ స్టూడియో ఉన్న వీధిలో నడవలేదు. నాతో కూడా ముక్తసరిగానే మాట్లాడేవాడు.

రిటైరైన రోజున మెడలో దండతో తనంతట తనే స్టూడియోకి వచ్చాడు. వీర్రాజుగారు కంగారుగా లేచి, "నిలబడతారా అండి, కూర్చుంటారా?" అన్నారు. నాన్న కుర్చీ లాక్కుని, "కూర్చునే తియ్యండి. మీకు తెలియందేముంది," అన్నాడు. వీర్రాజుగారు నల్లగుడ్డ కింద తల దూర్చి చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

ఇద్దరూ పోయారు. ఆ కొండ వంపు ఫోటో నా బీరువాలో ఉంది. ఆయన నా చెయ్యి పట్టుకునేలోపే బ్లేడు తగిలి, జెండా పక్కన సన్నని తెల్లగీత పడింది. పెన్సిలు పెడితే నాకు చిటికెలో పని. ఇన్నేళ్లూ దాన్ని ముట్టుకోలేదు.